గేటు ఊపిరి

నమోదు 212, ఆగస్టు 6

మా అన్న గాలి కోసేసింది నువ్వే.

అటూ ఇటూ చూడకు, నిన్నే. మే నెల పద్దెనిమిదో తారీకు ఉదయం ఏడింటికి, అందరికీ వచ్చినట్టే నీ ఫోనుకీ నిమిషం ఓటు వచ్చింది, జవాబు నొక్కడానికి ఒకే నిమిషం. ప్రశ్న 3112. "కోలుకున్నవారి ఇళ్ళలో వృథాగా పడివున్న గాలిపెట్టెలను వెనక్కి తీసుకుని, ఎదురుచూస్తున్న రోగులకు ఇవ్వాలా?" అప్పుడు నువ్వు పళ్ళు తోముకుంటున్నావో, పాలు పొంగకుండా కాపలా కాస్తున్నావో నాకు తెలియదు. అవును అని నొక్కావు. నూటికి ఎనభై ఒక్కమంది నొక్కారు. పొద్దున్నే ఓ పుణ్యకార్యం అయిపోయిందనుకుని నోరు పుక్కిలించుకున్నావు.

ఆ పుణ్యం ఇవాళ మా వీధికొచ్చింది.

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగం. పేరు దేరంగుల సుగుణ, వయసు యాభై మూడు. తెల్లగుట్ట మూడో వీధిలో గాలిపెట్టెలున్న ఇళ్ళు పదకొండు. పెట్టె నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ ఇస్తోంది, వడపోత స్పాంజి కడిగానా, కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోశానా, గొట్టం ఎక్కడన్నా మడత పడిందా, వేలికి క్లిప్పు పెడితే నెత్తుట్లో గాలి మట్టం నూటికి ఎంత చూపించింది, ఇవన్నీ రోజూ రాసి శ్వాస బోర్డుకు పంపాలి. ఈ దినచర్యలు ప్రజలందరికీ తెరిచి ఉంచాలని చట్టం. తెరిచే ఉన్నాయి. నేను రాసిన రెండువందల పదకొండు నమోదుల్ని ఒక్కడంటే ఒక్కడు చదవలేదు. పక్కనే అంకె కనిపిస్తుంది, సున్నా. అందుకే ఇవాళ్టి నుంచి బోర్డుకు రాయడం మానేసి నీకు రాస్తున్నాను. తిడితేనన్నా తిరిగి చూస్తావేమో.

ఇల్లు 7. రోగి ఓర్సు అంకయ్య, అరవై ఒకటి. నా తోడబుట్టినవాడు. తెల్లరాయి పొడి మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ పొడి ఎక్కడికి పోయిందంటావా? నీ డాబా మీద ఎండను కరెంటు చేసే అద్దంలో ఉంది. మిగిలింది మా అన్న ఊపిరితిత్తుల్లో ఉంది. నీ వాటా మెరుస్తోంది. మా వాటా గడ్డకట్టి మళ్ళీ రాయైంది.

పొద్దున స్పాంజి కడిగి ఆరేస్తుంటే పెట్టె మాట్లాడింది. బోర్డు వాళ్ళు దానికి మా యాసే నేర్పారు, అంత శ్రద్ధ.

"పెదనాన్నా, మంచి కబురు. మూడు వారాలు వరసగా నీ గాలి మట్టం తొంభైకి పైనే ఉండాది. నువ్వు కోలుకున్నట్టే. ఇయ్యాల్టి నుంచి అయిదు రోజులకోసారి అర లీటరు తగ్గిస్తా. ముప్పై ఒకటో తారీకున సెలవు తీసుకుంటా."

మూడు లీటర్లు అక్కడికక్కడే రెండున్నర అయింది.

అన్న నవ్వాడు. మా వీధిలో ఈ పెట్టెను అల్లుడంటారు. నట్టింట్లో కూర్చుంటుంది, రోజంతా గురకపెడుతుంది, కడిగి తుడిచి నీళ్ళందించాలి, పొయ్యి దగ్గర పనికిరాదు, అగరొత్తి పొగ గిట్టదు.

"అల్లుడు అలిగి వాళ్ళూరు పోతన్నాడంటమ్మే, కొత్తబట్టలు పెట్టి పంపిద్దాం, లేకపోతే ఊరంతా చెప్పుకుంటాడు," అన్నాడు.

మధ్యలో ఆగకుండా ఒక్క ఊపిరికి ఎన్ని మాటలు అనగలడో నేను లెక్కపెడుతుంటాను. బోర్డు అడగని లెక్క ఇది. క్లిప్పును ఏమార్చొచ్చు, మాటను ఏమార్చలేం. ఇవాళ: పది.

నమోదు 213, ఆగస్టు 7

నాకు ఒకటే అనుమానం. ముక్కు దగ్గర గొట్టం తీస్తే ఎనభై నాలుగు చూపించే మనిషి వారం వారం బోర్డు పెట్టే పరీక్షలో తొంభై రెండు ఎట్లా తెచ్చుకున్నాడు?

"ఏం చేశావన్నా?"

"ఏం జేస్తా? గేటు ఊపిరి పట్టా," అన్నాడు, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు.

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మిల్లు గేటు దగ్గర ఆరునెలలకోసారి కాంట్రాక్టరు మనిషి క్లిప్పు పట్టుకుని నిలబడేవాడు. తొంభై రెండుకు తగ్గితే ఆ పూటే ఇంటికి. రోగం పెట్టింది మిల్లు, శిక్ష కూలీకి. అందుకని కూలీలు ఒక విద్య కనిపెట్టారు. గేటు బయట, ఇంటి నుంచి తెప్పించుకున్న వేడి టీగ్లాసు రెండు చేతులా పట్టుకుని వేళ్ళు కాచుకోవాలి. పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ముక్కుతో నిదానంగా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినట్టు సన్నగా, పొడుగ్గా వదలాలి. నోరెత్తకూడదు. అప్పుడు అంకె పైకెక్కుతుంది, నాలుగైదు నిమిషాలు నిలబడుతుంది. తర్వాత నువ్వు గోడ పట్టుకుని నెత్తురు కక్కుకున్నా కాంట్రాక్టరు అటు చూడడు. ఈ విద్యలో మా అన్నే గురువు. మిల్లులో సగం మందికి ఆయనే నేర్పాడు.

అటక మీది రేకుపెట్టె దింపించి చూపించాడు. నలభై నాలుగు చీటీలు. ప్రతిదాని మీదా నీలం ముద్ర, ఫిట్. బడి మొహం చూడని మనిషి పుట్టి బుద్ధెరిగి పాసైన పరీక్షలు అవే.

"అప్పుడు పాసైతే పని ఇచ్చారు. ఇప్పుడు పాసైతే గాలి తీసేస్తారు. ఆమాత్రం తెలియదా నీకు?"

"తెలుసమ్మే. క్లిప్పు కనపడితే పెదాలు వాటంతటయ్యే చుట్టుకుంటయ్యి."

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ మూడు వారాలూ అంకె పక్కన "మెరుగు" అని రాసింది నేను. ఒకసారి శభాష్ అని కూడా రాశాను. వెనక్కి తిప్పి చూసుకో. చెరపలేదు.

నమోదు 217, ఆగస్టు 11

రెండు లీటర్లు. ఎనిమిది మాటలు.

బోర్డుకు ఫోను చేశాను. గొంతు చిన్నపిల్లది, మర్యాదస్తురాలు.

"అమ్మా, మీ ఆవేదన నాకు అర్థమైంది."

"ఆవేదన సంగతి తర్వాత తల్లీ, ముందు అంకెలు రాసుకో. ఊరికే కూర్చుంటే ఎనభై నాలుగు. బాత్రూము దాకా నడిస్తే డెబ్భై ఆరు."

"నడక అంకెలు నియమంలో లేవమ్మా. గాలి తీసి, కూర్చోబెట్టి, మూడు నిమిషాలు. అదొక్కటే కొలత."

"మీ ఆఫీసులో బాత్రూముకు ఎవరూ నడవరా?"

పాపం నవ్వొచ్చింది ఆ పిల్లకు. నవ్వినందుకు సారీ చెప్పి, అప్పీలు రాసుకుంది. ఇరవై తొమ్మిదో తారీకున అధికారి స్వయంగా ఇంటికొస్తాడట. గాలి మట్టం ఎనభై ఎనిమిదికి తగ్గిందని ఆయన కళ్ళారా చూస్తే పెట్టె ఉంటుంది.

"అప్పటిదాకా తగ్గించడం ఆపండి."

"అది యంత్రం చేతిలో ఉందమ్మా."

వినండయ్యా. పెట్టేది మనిషైతే యంత్రం అడ్డం. తీసేది యంత్రమైతే మనిషి అడ్డం రాడు. బయట కొనుక్కుందామని పట్నంలో మూడు షాపులు అడిగాను. "కోలుకున్నవారు" అని హోదా పడ్డ పేరుకు గాలి అమ్మితే షాపు మూసేస్తారట. రోగం లేని వాడికి మందు అమ్మినట్టు లెక్కట.

రోగం లేని వాడు అప్పుడే గోడ పట్టుకుని పెరట్లోంచి వస్తున్నాడు. నాలుగు అడుగులు, ఆగడం. నాలుగు అడుగులు, ఆగడం.

నమోదు 222, ఆగస్టు 16

ఒకటిన్నర. ఆరు మాటలు.

స్నానం రోజు. గొట్టం పన్నెండు మీటర్లుంటుంది, బాత్రూము తలుపు కింద నుంచి లాగి మేకుకు తగిలించాలి. చెవుల వెనక గొట్టం ఒరుసుకుని పుండు పడింది, అక్కడ పాత పంచె గుడ్డ మడిచి పెట్టాం. నూనె, వాజిలీను ముఖానికి తగలనివ్వకూడదు, గాలిపెట్టె దగ్గర అవి మంట తెస్తాయి. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి మా వదిన తిరుపాలమ్మ నీళ్ళు పోస్తోంది. చెంబు ఎత్తిన ప్రతిసారీ ఆయన ఊపిరి ఆగుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడానో నువ్వు ఊహించుకోగలవు. సూర్యుడి కరెంటుతో లోకం శుభ్రపడిందని పండగ చేసుకునేవాళ్ళ గురించి, ఆ శుభ్రం ఎవరి ఛాతీతో తుడిచారో అడగని వాళ్ళ గురించి. ముప్పై ఏళ్ళు కూలీల సంఘంలో తిరిగిన గొంతు, మొదలెడితే ఆగదు.

వదిన తల తిప్పకుండానే అంది: "నీ ఉపన్యాసంలో ఎన్ని లీటర్లుంటయ్యి సుగుణా? ఉంటే గొట్టం తగిలించు. లేకపోతే ఆ తువ్వాలు అందుకో."

తువ్వాలు అందించాను. అయినా ఊరుకోలేదు, ఏదో అన్నాను, ఆమె ఏదో అంది.

"మీరిద్దరూ అరుచుకోబాకండి, ఉన్న గాలంతా మీరే తాగుతన్నారు," అన్నాడు అన్న స్టూలు మీంచి. అని, మోకాళ్ళ మీదికి వాలి ఇరవై నిమిషాలు తల ఎత్తలేదు. వదిన వీపు తుడుస్తూనే ఉంది, ఆరిపోయిన వీపును.

నమోదు 225, ఆగస్టు 19

కరీమున్నీసా వచ్చింది. నాలుగో వీధి. మిల్లులో అన్న పనిచేసిన గ్రైండరు దగ్గరే పొడి ఎత్తిపోసేది. రెండు నిమిషాల దారికి అరగంట పట్టిందట, మూడు అరుగుల మీద కూర్చుని వచ్చింది. పెదాలు నేరేడుపండు రంగు. గుమ్మంలో నిలబడి లోపలికి రాదు.

"నన్ను తిట్టొద్దు సుగుణక్కా," అంది.

ఫోను చూపించింది. బోర్డు కబురు: మీకు కేటాయించిన గాలిపెట్టె ముప్పై ఒకటిన చేరుతుంది. ఎక్కడి నుంచి: మూడో వీధి, ఇల్లు 7. పారదర్శకత అట. ఎవడి నోటి దగ్గరిది లాగి పెడుతున్నామో పేరు పెట్టి మరీ చెబుతారు. కృతజ్ఞత ఎవరికి చెప్పుకోవాలో తెలియాలిగదా.

"వద్దని రాస్తానక్కా. నాకొద్దు."

"రాయి. నువ్వు చచ్చాక అది ఇంకో వీధికి పోతుంది. ఈయనకైతే రాదు," అంది వదిన. తిట్టినట్టే అంది, అని మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.

అన్న మంచం మీంచి చెయ్యి ఊపాడు. "కరీమూ, అల్లుణ్ణి నీకు ఇస్తన్నా." ఊపిరి తీసుకుని, "గురక ఎక్కువ. సర్దుకుపో."

ఆమె నవ్వబోయింది. దగ్గొచ్చింది. ఇద్దరూ చెరోవైపు కూర్చుని దగ్గుతుంటే మధ్యలో పెట్టె తన మానాన తాను గురకపెడుతోంది. వెళ్ళేటప్పుడు గుమ్మం పట్టుకుని నాతో మెల్లగా అంది: "నాకూ గేటు ఊపిరి అన్నే నేర్పాడు గదక్కా. పెట్టె వచ్చినాక నేను గూడా పాసైపోతానేమో. బయంగా ఉండాది."

నేను నా ఫోను తీసి ప్రశ్న 3112 తెరిచాను. ఎవరి ఓటు వాళ్ళకు చూపిస్తుంది అది.

అవును అని ఉంది.

అవును, నేనూ నొక్కాను. మిగిలిపోయినవి లేనివాళ్ళకు పంచాలన్నారు. న్యాయమే గదా అనుకున్నాను. జీవితమంతా అదే అరుస్తూ తిరిగినదాన్ని, ఇంకేం నొక్కుతాను? "కోలుకున్నవారు" అంటే ఎవరు, ఎవరు తేలుస్తారు, ఎట్లా తేలుస్తారు అని అడగలేదు. నిమిషమే ఇచ్చారు. నాకు అందులో పది సెకండ్లు సరిపోయాయి. నువ్వెంతసేపు తీసుకున్నావు?

దీనివల్ల నీ తప్పు తగ్గిందనుకోకు. నా పక్కన నీకు చోటు దొరికింది, అంతే.

నమోదు 227, ఆగస్టు 21

ఒక లీటరు. నాలుగు మాటలు.

ఫెయిలవడం నేర్పిస్తున్నాం. నవ్వు వస్తే నవ్వుకో. వదిన అధికారి వేషం, నేను క్లిప్పు. మంచం మీద కూర్చోబెట్టి, గొట్టం తీసి, వేలికి క్లిప్పు పెడతాను. పెట్టీ పెట్టకముందే వీపు నిటారు, పెదాలు సున్నా. ఎనభై ఏడు, ఎనభై తొమ్మిది.

"వదులు! పెదాలు వదులు!" అని వదిన భుజం మీద కొడుతుంది.

"మామూలుగా కూచో అన్నా. ఉన్నదున్నట్టు కూచో. అదే చాలు."

"ఉన్నదున్నట్టు కూచుంటే... ఇంటికి పంపుతారు."

"ఇంట్లోనే ఉన్నావయ్యా మగడా!" అంది వదిన.

చల్లనీళ్ళ గిన్నె తెచ్చాను. వేళ్ళు ముంచితే అంకె ఇంకా తగ్గి కనిపిస్తుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మొహంలో నిజంగా కోపం.

"పాసవడానికి మోసం జేశా." ఊపిరి. "ఫెయిలవడానికి మోసం ఎవడన్నా జేస్తాడా?"

ఆయనకు అది పరువు తక్కువ. ఫెయిలైన వాణ్ణి మిల్లులో పొడిగాడనేవాళ్ళు. పొడిగాడి పెళ్ళాం బావి దగ్గర ఆఖర్న నీళ్ళు పట్టుకునేది. ఇరవై రెండేళ్ళు పొడిగాడు కాకుండా బతికాడు ఈయన. అది కట్టుకున్న ఇంటికన్నా పెద్ద ఆస్తి. ఆ ఆస్తిని ఒక్క పూటలో నా గిన్నెలో ముంచమంటే ఎట్లా ముంచుతాడు?

నీళ్ళు పారబోశాను.

నమోదు 232, ఆగస్టు 26

అర లీటరు. రెండు మాటలు.

పడుకోలేడు. బల్ల మీద రెండు దిండ్లు పెట్టి వాటి మీద వాలి కూర్చుంటున్నాడు, కునుకు కూడా అట్లాగే. అన్నం ముద్ద నమలాలంటే ఊపిరి ఆపాలి, ఊపిరి ఆపితే ముద్ద దిగదు. జావ చేసి స్పూనుతో పోస్తున్నాం. కూర్చుంటే ఎనభై ఒకటి. చీలమండలు ఉబ్బాయి.

జోకులు మానేశాడు. రెండు మాటల్లో జోకు పట్టదు.

వదిన ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ మనిషి నా ఎరుకలో ఎవర్నీ బతిమాలలేదు. "ఇదిగో, నా మొహం చూడు. ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఆయనొస్తాడు. ఒక్కసారి ఫెయిలవ్వు. నాకోసం. బావి దగ్గర ఆఖర్న నిలబడతా, నాకేం సిగ్గు లేదు."

ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"ఫెయిలవుతా. ఒట్టు."

నమోదు 235, ఆగస్టు 29

మొత్తం రాస్తాను. ఒక్క ముక్క వదలను.

పదిన్నరకు వచ్చాడు. పేరు వినీల్, ముప్పై దాటలేదు, ఉతికిన తెల్ల చొక్కా. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. చెడ్డవాడైతే బాగుండేది, నాకు పని తేలికయ్యేది. అన్న పక్కన కుర్చీ లాక్కుని, "కంగారేం లేదు పెద్దాయనా, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే మొదలుపెడదాం. పది నిమిషాలు విశ్రాంతిగా కూర్చోండి," అన్నాడు. సంచిలోంచి ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటికి పెద్దమనిషి వచ్చాడు. మా ఇళ్ళలో ఏం చేస్తాం? వదిన టీ పెట్టింది. పొయ్యి పెరట్లోకి మార్చాం కదా, అక్కణ్ణుంచి పళ్ళెంలో రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి సారుకు. సారు ఒక్కడే తాగితే బాగుండదని, రెండోది ఇంటాయనకు. ఇరవై రెండేళ్ళు గేటు దగ్గరికి ఆ చేత్తోనే తెచ్చిచ్చిన గ్లాసు. ఆమె ఆలోచించలేదు. నేను సారుతో నడక అంకెల గురించి వాదిస్తున్నాను. ఆ క్షణంలో కూడా వాదిస్తున్నాను. చూశాను, గ్లాసు ఆయన చేతుల్లోకి పోవడం చూశాను. టీ తాగుతున్నాడనే అనుకున్నాను.

ఆయన తాగలేదు. రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

గొట్టం తీశారు. క్లిప్పు పెట్టారు. ఎనభై మూడు. నా గుండె కుదుటపడింది. ఎదుట తెల్లచొక్కా, ఒళ్ళో ఫైలు, తన వేలికి క్లిప్పు. అన్న వీపు మెల్లగా నిటారైంది. వదిన "ఏమయ్యా" అంది. వినిపించుకోలేదు. పెదాలు చుట్టుకున్నాయి. ఎనభై ఆరు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, చంకల కింద గుంటలు పడుతున్నాయి, ఊపిరి మాత్రం చప్పుడు లేకుండా, సన్నగా, పొడుగ్గా. ఎనభై తొమ్మిది.

"సార్, అది మామూలు ఊపిరి కాదు. ఆయన పట్టి వదులుతున్నాడు."

"పరీక్షలో మాట్లాడకూడదమ్మా."

"ఆ మెడ చూడండి సార్!"

"మెడ నమోదుకు రాదమ్మా," అన్నాడు. నిజంగా బాధపడుతూనే అన్నాడు.

తొంభై ఒకటి. తొంభై మూడు. మూడు నిమిషాలు. గంట మోగింది.

సారు అంకె రాసుకుని లేచాడు. నా మొహం చూడలేక ఫైలు సర్దుకున్నాడు. అన్న ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. కళ్ళు, ఏం చెప్పను, బడిలో పలక చూపించే పిల్లాడి కళ్ళు.

"పాసయ్యానా?"

ఒక్క మాట. ఇవాళ్టి లెక్క.

"అయ్యారు పెద్దాయనా," అన్నాడు సారు.

అన్న నవ్వాడు. ఆ తర్వాత మా వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

నేను ఏమన్నానో అదీ రాస్తాను, ఎందుకంటే నీ ఒక్కడి క్రూరత్వమే రాసి నాది దాచుకుంటే అది దినచర్య కాదు. "చావు," అన్నాను. "ఫిట్ ముద్ర వేయించుకుని చావు." సారు ఇంకా గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు. వదిన నేల మీద ఉన్న టీగ్లాసు తీసుకెళ్ళి పెరట్లో రాతికేసి కొట్టింది.

నమోదు 237, ఆగస్టు 31

పెట్టె వెళ్ళిపోయింది. ఇద్దరు మనుషులు వచ్చి ఎత్తుకుపోయారు. వెళ్తూ అది చెప్పిన మాట: "పెదనాన్నా, నీ ఓపికకు దండం. జాగర్త."

ఇల్లు నిశ్శబ్దమైంది. ఎనిమిది నెలలుగా ఆ గురక కింద దాగిన ఆయన ఊపిరి చప్పుడు ఇప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

బోర్డు వాళ్ళు వార్డు ఆఫీసు గోడ మీద బొమ్మ వేశారు. అన్న మొహం, కింద పెద్ద అక్షరాలు: సంకల్పంతో కోలుకున్న శ్రమజీవి.

నాలుగో వీధికి పోయాను. కరీమున్నీసా ముక్కుకు గొట్టం. పెదాల రంగు మారింది. నన్ను చూసి గొట్టం పీకేయబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను. స్పాంజి కడగడం, నీళ్ళు మార్చడం వాళ్ళ కోడలికి నేర్పి వచ్చాను. ఇంకేం చేయను? ఆమె ఛాతీ మీంచి లాక్కురానా? సరిగ్గా అదే కదా మీరు చేయించాలనుకుంది. పేదోడి ముక్కు పేదోడి చేత మూయించడం.

ఇంకో సంగతి. ఈ దినచర్యను ఇప్పటికి పన్నెండు వేలమంది చదివారు. పదివేలమంది కన్నీటి బొమ్మ నొక్కారు. మే పద్దెనిమిదిన నొక్కిన వేలే అది.

నమోదు 240, సెప్టెంబరు 3

మధ్యాహ్నం రెండుంబావు. బల్ల మీద దిండ్ల మీద వాలి ఉన్నాడు. వదిన జావ చల్లారబెడుతోంది. చల్లారేలోపే అయిపోయింది.

నేను నాలుగు రోజులుగా రోజుకు నాలుగుసార్లు ఆ ఇంటికి పోయాను. కాళ్ళు పట్టాను, విసిరాను, జావ పోశాను. చావు అని నేను నోరుజారిన మాటకు మాత్రం క్షమించమని అడగలేదు. ఎప్పుడు నోరు తెరిచినా వాదనే వచ్చేది, బోర్డు, ఓటు, కోర్టు. ఆయన ఒకసారి చెయ్యెత్తి నా నోటి మీద అడ్డంగా పెట్టాడు. అది చాలు అనో, ఊరుకో అనో నాకు తెలియదు.

పెదాలు సున్నాలా చుట్టుకునే ఉన్నాయి. వదిన వేళ్ళతో సరిచేసింది. మళ్ళీ చుట్టుకున్నాయి. గడ్డం కింద గుడ్డ కట్టి సరిచేసింది.

నాలుగింటికి బోర్డు కబురు. వాడకందారు మృతికి సంతాపం. మరణ సమయానికి హోదా: కోలుకున్నవారు.

నలభై నాలుగు చీటీలూ ఆయనతోనే పాతిపెట్టాం.

మా డిమాండ్లు:

1. కూర్చోబెట్టి చేసే పరీక్ష రద్దు చేయాలి. నడిచేటప్పుడు, స్నానం చేసేటప్పుడు, తినేటప్పుడు, నిద్రలో కొలవాలి.

2. అప్పీలు తేలేదాకా పావు లీటరు కూడా తగ్గించకూడదు.

3. తెల్లరాయి పొడి పీల్చినవాళ్ళకు "కోలుకున్నవారు" అన్న హోదా ఉండకూడదు. రాయి కోలుకోదు.

4. మిల్లులో పనిచేసిన ప్రతి మనిషికీ మిల్లు యజమానులే గాలిపెట్టె పెట్టాలి. ఒకరి పెట్టె తీసి ఇంకొకరికి ఇవ్వకూడదు.

5. ప్రశ్న 3112 రద్దు చేయాలి. మనుషుల ఊపిరి మీద నిమిషం ఓటు ఇక పెట్టకూడదు.

6. వార్డు ఆఫీసు గోడ మీది బొమ్మ తీసేయాలి.

7. ఓర్సు అంకయ్య పేరు పక్కన హోదా మార్చాలి. గాలి తీసేసినందువల్ల చనిపోయాడని రాయాలి.

8. నా దినచర్యలో జులై 16, 23, 30 తారీకుల పక్కన నేను రాసిన "మెరుగు" అన్న మాట కొట్టేయాలి.

9. నాలుగో వీధి కరీమున్నీసాకు వారం పరీక్ష వచ్చే గురువారం. ఆమె పాసవుతుంది. పెట్టె తీయకూడదు.